లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్కన్సాలో ఉంటున్న తెలుగువాళ్ల ఇంటికి ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, పిల్లలకు సెలవులిచ్చినప్పుడు, ‘ఈ చుట్టుపక్కల చూడాల్సినవి ఏమున్నాయి?’ అనే మాట వస్తుంది. నన్నడిగితే ముందు ఒక బడి పేరు చెబుతాను: లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్. అప్పటిదాకా తెల్లజాతి పిల్లలకే ఉన్న ఆ బడిలో 1957లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు చేరబోతే, దేశాధ్యక్షుడు సైన్యాన్నే పంపాల్సి వచ్చింది. బడిలో చూడ్డానికేముంటుందని చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ తర్వాత వాళ్లడిగే ప్రశ్నలు కొన్ని, అడగకపోయినా నేను చెప్పాలనుకునేవి కొన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ బడి ఎక్కడుంది? లిటిల్ రాక్ పెద్ద ఊరా?

అమెరికా దక్షిణాన ఆర్కన్సా రాష్ట్రం ఉంది. దాని రాజధాని లిటిల్ రాక్. రాజధాని అనగానే హైదరాబాదును ఊహించుకోకండి. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 2 లక్షల మంది చిల్లర, అంటే మన ఒంగోలంత ఊరు. ఈ కథ జరిగిన 1957లో అందులో సగమే. అంత చిన్న ఊళ్లో ఒకరి ముఖం ఒకరికి తెలిసే ఉంటుంది. బడి గేటు దగ్గర అరిచినవాళ్లు, లోపల పాఠం చెప్పినవాళ్లు, ఆదివారం చర్చిలో పక్కపక్కన కూర్చున్నవాళ్లు చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదివితే ఈ కథ ఇంకా బరువుగా అనిపిస్తుంది.

‘ఆర్కాన్సాస్’ అనాలా, ‘ఆర్కన్సా’ అనాలా?

ఆర్కన్సా. చివరి ‘స్’ పలకరు. 1881లో ఆ రాష్ట్ర శాసనసభ దీని మీద ఏకంగా తీర్మానమే చేసింది.

‘పబ్లిక్ స్కూల్’ అంటే ప్రైవేటు బడా? ‘సెంట్రల్’ అంటే మన కేంద్రీయ విద్యాలయం లాంటిదా?

రెండూ కాదు. మన ఊళ్లలో ‘ఫలానా పబ్లిక్ స్కూల్’ అని బోర్డు ఉంటే అది ఫీజులు కట్టే ప్రైవేటు బడి. అమెరికాలో పబ్లిక్ స్కూలంటే ఊరివాళ్లు కట్టే పన్నుతో, ముఖ్యంగా ఇళ్ల మీద, స్థలాల మీద వేసే పన్నుతో నడిచే ఉచిత బడి. దాన్ని నడిపేది ఊరివాళ్లు ఓట్లేసి ఎన్నుకునే స్కూల్ బోర్డు. మన పాత జిల్లా పరిషత్ హైస్కూళ్లు గుర్తున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

‘సెంట్రల్’కు కేంద్ర ప్రభుత్వంతో సంబంధం లేదు. మొదట్లో దీని పేరు లిటిల్ రాక్ సీనియర్ హైస్కూల్. 1950ల్లో ఊరికి పడమటి వైపు తెల్లజాతి కుటుంబాల కోసం హాల్ హైస్కూల్ అనే మరో బడి తలపెట్టారు. రెండు బడులకు తేడా తెలియాలని 1953లో పాతదాని పేరు సెంట్రల్ హైస్కూల్‌గా మార్చారు. ఈ హాల్ హైస్కూల్ మాట మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

బడి కట్టడం ఎప్పటిది? దాని గురించి అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

1927లో తెరిచారు. అప్పట్లోనే 15 లక్షల డాలర్లు ఖర్చయింది. ఊళ్లోని వాస్తుశిల్పులు పలువురు కలిసి గీసిన నమూనా అది. దాదాపు రెండు వీధుల పొడవు, ఇసుక రంగు ఇటుక, కోటలా లేచిన మధ్యభాగం, ముందు నీళ్ల కొలను, రెండు వైపుల నుంచీ వంపు తిరుగుతూ పైకి వెళ్లే మెట్లు. అమెరికా వాస్తుశిల్పుల సంఘం దాన్ని దేశంలోకెల్లా అందమైన హైస్కూల్ అని మెచ్చుకుంది.

ముఖద్వారం మీద నాలుగు విగ్రహాలుంటాయి. ఒక్కో విగ్రహం కింద ఒక్కో పేరు చెక్కారు: ఆశయం, వ్యక్తిత్వం, అవకాశం, సన్నద్ధత. ఆ నాలుగు పేర్ల కిందుగా నడిచి వెళ్లే హక్కు ముప్పై ఏళ్లపాటు తెల్లజాతి పిల్లలకే ఉండేది.

మరి నల్లజాతి పిల్లలు ఎక్కడ చదువుకునేవారు?

సెంట్రల్ గురించి రాసేవాళ్లు చాలామంది ఈ బడిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. అది నాకు నచ్చదు. 1929లో నల్లజాతి పిల్లల కోసం డన్‌బార్ హైస్కూల్ వచ్చింది. కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పేరు దానికి పెట్టారు. సెంట్రల్ నమూనా గీసినవాళ్లలో కొందరు దీన్ని కూడా గీశారు, అందుకే చూస్తే చెల్లెలి ముఖంలా ఉంటుంది. ఖర్చు మాత్రం 4 లక్షల డాలర్లు. అదీ పూర్తిగా ఊరి డబ్బు కాదు. దక్షిణాది నల్లజాతి పిల్లలకు బడులు కట్టించిన రోజెన్‌వాల్డ్ నిధి వంటి దాతృసంస్థలు చేయి వేస్తేనే అది లేచింది.

సెంట్రల్‌లో వాడి వదిలేసిన పాఠ్యపుస్తకాలు తమకొచ్చేవని అక్కడ చదివినవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అయినా డన్‌బార్ ఉపాధ్యాయులు గట్టివాళ్లు. రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు అక్కడికి వచ్చేవారు. 1950ల మధ్యలో నల్లజాతి పిల్లల కోసం హొరేస్ మాన్ అనే కొత్త హైస్కూల్ తెరిచి, డన్‌బార్‌ను జూనియర్ హైస్కూల్‌గా మార్చారు.

‘పాపం, వాళ్లకు మంచి బడి లేక సెంట్రల్‌కు వెళ్లాలనుకున్నారు’ అని కొందరంటారు. వాళ్లకు తమ బడి మీద ప్రేమా గర్వమూ రెండూ ఉండేవి. ఊరి డబ్బుతో కట్టిన బడి, ఇంటికి దగ్గర్లో ఉన్న బడి, ల్యాబులూ లైబ్రరీ ఉన్న బడి తమది ఎందుకు కాదన్నదే వాళ్ల ప్రశ్న.

1954 తీర్పు వచ్చాక లిటిల్ రాక్ ఏం చేసింది?

1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో, జాతిని బట్టి బడులు వేరు చేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. లిటిల్ రాక్ స్కూల్ బోర్డు వారం తిరక్కుండానే తీర్పును పాటిస్తామని ప్రకటించింది. దక్షిణాదిలో అప్పటికి అది మంచి మాటే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే అమలు దగ్గర. ఊరి బడుల సూపరింటెండెంట్ వర్జిల్ బ్లాసమ్ తయారుచేసిన పథకాన్ని బోర్డు 1955 మేలో ఆమోదించింది. దాని ప్రకారం మొదట హైస్కూల్, అదీ 1957లో. కింది తరగతుల సంగతి ఆ తర్వాత ఏళ్లలో. చివరికి ఒక్క సెంట్రల్‌లోనే, అదీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందికే తలుపు తెరిచేలా ఆ పథకం చిక్కిపోయింది. డబ్బున్న తెల్లజాతి కుటుంబాల పిల్లలు కొత్తగా తెరిచిన హాల్ హైస్కూల్‌కు వెళ్లిపోయారు. సెంట్రల్‌లో మిగిలింది ఎక్కువగా కూలి పనుల, చిరుద్యోగాల కుటుంబాల తెల్లపిల్లలు. ‘మార్పు భారం మా మీదే ఎందుకు?’ అన్న కోపం వాళ్ల తల్లిదండ్రుల్లో పెరిగింది. ఆ కోపానికి వాళ్లెంచుకున్న లక్ష్యం దారుణమైనది. కానీ పథకం గీసినవాళ్ల తప్పును కూడా లెక్కలోకి తీసుకోకపోతే కథ సగమే తెలిసినట్టు.

ఈ జాప్యం మీద 1956లో 33 మంది నల్లజాతి పిల్లల తరఫున ఎన్‌.ఏ.ఏ.సి.పి. అనే పౌరహక్కుల సంస్థ కోర్టుకెళ్లింది. కోర్టు పథకాన్నే సమర్థించింది. ఒక మేలు మాత్రం జరిగింది. బోర్డు తనంతట తాను రాసుకున్న పథకం అప్పటి నుంచి కోర్టు ఆదేశమైంది, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా పోయింది.

ఆర్కన్సా అంతటా ఇలాగే గొడవలు జరిగాయా?

లేదు. ఈ సంగతి రాష్ట్రానికి వాయవ్య మూలనున్న బెంటన్‌విల్‌లో ఉండే తెలుగువాళ్లకు నేను ప్రత్యేకంగా చెబుతుంటాను. అక్కడికి అరగంట దూరంలోని ఫయెట్‌విల్‌లో 1954లోనే నల్లజాతి పిల్లలు తెల్లపిల్లలతో కలిసి హైస్కూల్లో చేరారు. చార్లెస్టన్ అనే చిన్న ఊరు అంతకంటే ముందే, ఆ ఏడాది ఆగస్టులోనే, చడీచప్పుడు లేకుండా పని పూర్తి చేసింది. రాష్ట్ర విశ్వవిద్యాలయం లా కాలేజీ 1948లోనే ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంది. 1955లో హాక్సీ అనే ఊళ్లో మాత్రం బయటివాళ్లు వచ్చి రెచ్చగొట్టారు. అయినా అక్కడి స్కూల్ బోర్డు తన మాట మీద నిలబడింది. కాబట్టి 1957లో లిటిల్ రాక్‌లో జరిగిందాన్ని ‘ఆ రోజుల్లో అంతే’ అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఆ తొమ్మిది మంది ఎవరు?

ఎర్నెస్ట్ గ్రీన్, ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్, మినీజీన్ బ్రౌన్, జెఫర్సన్ థామస్, థెల్మా మదర్‌షెడ్, మెల్బా పాటిలో, గ్లోరియా రే, టెరెన్స్ రాబర్ట్స్, కార్లటా వాల్స్. ఆరుగురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు. వీళ్లలో ఎర్నెస్ట్ ఒక్కడే ఆఖరి సంవత్సరం విద్యార్థి. కార్లటా అందరికన్నా చిన్నది, 14 ఏళ్లు. థెల్మాకు గుండె జబ్బు ఉండేది.

సెంట్రల్‌లో చేరాలని చాలామందే ముందుకొచ్చారు. మార్కులు, నడవడిక, హాజరు అన్నీ వడపోసి బోర్డు జాబితాను పదిహేడుకు కుదించింది. భయాలు, ఒత్తిళ్ల మధ్య కొందరు వెనక్కి తగ్గగా తొమ్మిది మంది మిగిలారు. చేర్చుకునేటప్పుడే వాళ్లకొక షరతు పెట్టారు: ఆటలు, పాటలు, నాటకాలు, క్లబ్బులు వేటిలోనూ పాల్గొనకూడదు. తరగతికి వచ్చామా, ఇంటికి వెళ్లామా, అంతే. పదిహేనేళ్ల పిల్లలకు బడిలో ఇష్టమైనదేముంటుందో అది ముందే తీసేసుకున్నారన్నమాట.

వాళ్లకు పెద్దదిక్కుగా నిలిచింది డెయిజీ బేట్స్. ఆమె రాష్ట్రంలో ఎన్‌.ఏ.ఏ.సి.పి. అధ్యక్షురాలు. భర్త ఎల్‌.సి. బేట్స్‌తో కలిసి ఆర్కన్సా స్టేట్ ప్రెస్ అనే పత్రిక నడిపేవారు. పిల్లలు రోజూ పొద్దున కలుసుకున్నది, సాయంత్రం వచ్చి ఆ రోజు జరిగింది చెప్పుకున్నది వాళ్లింట్లోనే. ఆ ఇంటి కిటికీ అద్దాలు రాళ్లకు ఎన్నిసార్లు పగిలాయో! ప్రకటనలు ఆగిపోయి 1959లో పత్రిక మూతపడింది.

గవర్నర్ బడి ముందు సైనికులను ఎందుకు నిలబెట్టాడు?

ముందొక మాట. అమెరికాలో గవర్నరంటే మన గవర్నర్ లాగా పైనుంచి నియమించినవారు కారు. ఓట్లతో గెలిచిన, మన ముఖ్యమంత్రి లాంటి పదవి. ఆర్వల్ ఫాబస్ 1957 సెప్టెంబరు 2 రాత్రి టీవీలో మాట్లాడుతూ, హింస జరగొచ్చన్న భయంతో రాష్ట్ర నేషనల్ గార్డ్‌ను, అంటే గవర్నర్ చేతి కింద ఉండే సైనిక దళాన్ని, దింపుతున్నానన్నాడు. శాంతిభద్రతలే కారణమైతే ఆ సైనికులు పిల్లలకు రక్షణగా నిలబడాలి కదా? వాళ్లు ఆపింది తొమ్మిది మంది పిల్లలనే. అప్పట్లో గవర్నర్ పదవీకాలం రెండేళ్లే, మూడోసారి గెలవాలని ఫాబస్‌కు ఉంది. నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరుగానే ఉంచాలనే జాతి వేర్పాటువాదుల ఓట్లు లేకుండా ఆ గెలుపు కష్టం. ఇంతకు మించిన కారణం నాకు కనిపించదు.

ఆ ప్రసిద్ధమైన ఫొటోలో ఒంటరిగా నడుస్తున్న అమ్మాయి ఎవరు? ఆమె ఒక్కతే ఎందుకు వెళ్లింది?

ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్, 15 ఏళ్లు. ఒంటరిగా వెళ్లింది ధైర్యం చూపించుకోవడానికి కాదు. వాళ్లింట్లో ఫోన్ లేదు. సెప్టెంబరు 4 పొద్దున అందరూ కలిసి వెళ్దామని డెయిజీ బేట్స్ ముందు రోజు రాత్రి మిగతా ఇళ్లకు కబురు చేశారు. ఎలిజబెత్‌కు ఆ కబురు అందలేదు.

కొత్త బడికి మొదటి రోజు కోసం తన గౌను తనే కుట్టుకుంది. తెల్ల గౌను, కింద గళ్ల అంచు. సిటీ బస్సు దిగి బడి వైపు నడిచింది. తెల్లపిల్లలకు దారి ఇస్తున్న గార్డ్ సైనికులు తన దగ్గరికి వచ్చేసరికి తుపాకులు అడ్డం పెట్టారు. తనను కాపాడటానికే సైనికులు వచ్చారని ఆ పిల్ల అనుకుంది. పొరపాటు దారిలో వచ్చానేమోననుకుని ఇంకో చోట ప్రయత్నించింది. అక్కడా అంతే. వెనక గుంపు చేరింది, చంపేయండని అరుస్తున్నారు. సహాయం చేస్తుందేమోనని గుంపులో ఒక ముసలావిడ ముఖంలోకి చూస్తే, ఆమె ముఖాన ఉమ్మింది.

వెనక్కి తిరిగి పార్క్ వీధి వెంట బస్టాపు దాకా నడిచింది. పరుగెత్తలేదు. ఆ నడకలోనే విల్ కౌంట్స్ అనే స్థానిక పత్రిక ఫొటోగ్రాఫర్ ఆ బొమ్మ తీశాడు. నల్ల కళ్లద్దాలు, గుండెలకు హత్తుకున్న పుస్తకం, వెనక నోరు తెరిచి అరుస్తున్న ఒక తెల్లమ్మాయి. బస్టాపు బల్ల మీద కూర్చున్నాక న్యూయార్క్ టైమ్స్ విలేఖరి బెంజమిన్ ఫైన్ పక్కన కూర్చుని ధైర్యం చెప్పాడు. గ్రేస్ లోర్చ్ అనే తెల్లజాతి మహిళ గుంపును అదిలించి, ఆమెతో పాటు బస్సెక్కింది. ఎలిజబెత్ నేరుగా ఇంటికి వెళ్లలేదు. వాళ్లమ్మ పనిచేసే చాకిరేవు గదికి, అమ్మ దగ్గరికి వెళ్లింది.

ఫొటోలో అరుస్తున్న అమ్మాయి కొన్నేళ్ల తర్వాత ఎలిజబెత్‌కు ఫోన్ చేసి క్షమాపణ అడిగింది. 1997లో ఇద్దరూ బడి ముందు కలిసి నిలబడితే ఆ ఫొటో కూడా విల్ కౌంట్సే తీశాడు. కొంతకాలం స్నేహంగా ఉన్నారు, తర్వాత దూరమయ్యారు. ఆ రెండో ఫొటోను చూపించి ‘చివరికి అంతా కలిసిపోయారు’ అని చెప్పడం ఇద్దరికీ న్యాయం కాదు.

అధ్యక్షుడు సైన్యాన్ని పంపేదాకా ఎందుకు వెళ్లింది?

ఫెడరల్ కోర్టు, అంటే కేంద్రం కింద ఉండే కోర్టు, న్యాయమూర్తి రొనాల్డ్ డేవిస్ గార్డ్‌ను అడ్డుగా వాడటం ఆపమని సెప్టెంబరు 20న ఆదేశించాడు. ఫాబస్ గార్డ్‌ను ఉపసంహరించాడు. 23న తొమ్మిది మంది పక్క తలుపు గుండా లోపలికి వెళ్లారు. బయట వెయ్యి మందికి పైగా పోగయ్యారు. నల్లజాతి విలేఖరులను పట్టుకుని కొట్టారు. వాళ్లలో అలెక్స్ విల్సన్ అనే సంపాదకుడు దెబ్బలు తింటూ కూడా పరుగెత్తకుండా, కింద పడిన టోపీ తీసి పెట్టుకుని నడిచాడు. మధ్యాహ్నానికి గుంపు అదుపు తప్పేలా ఉందని పోలీసులు పిల్లలను వెనక దారిలో కార్లలో తప్పించారు.

మర్నాడు ఊరి మేయర్ వుడ్రో మాన్ సైన్యం కావాలని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు టెలిగ్రాం ఇచ్చాడు. ఐసెన్‌హోవర్ అదే రోజు 10730వ నంబరు ఉత్తర్వు మీద సంతకం చేసి, 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ నుంచి సుమారు 1,200 మందిని పంపాడు. ఆర్కన్సా నేషనల్ గార్డ్ మొత్తాన్ని ఫాబస్ చేతుల్లోంచి తీసి తన కిందికి తెచ్చుకున్నాడు. సెప్టెంబరు 25 ఉదయం సైనికుల మధ్య తొమ్మిది మంది ముఖద్వారం మెట్లెక్కారు.

సైన్యం వచ్చాక అంతా సర్దుకుందా?

చాలామంది ఇక్కడితో కథ ముగిస్తారు. అసలు కష్టం ఇక్కడే మొదలైంది. ఆ మెట్లెక్కడం కొన్ని నిమిషాల పని. ఆ తర్వాత మే నెలాఖరు దాకా ప్రతి పొద్దునా లేచి, తలదువ్వుకుని, పుస్తకాలు సర్దుకుని అదే బడికి వెళ్లాలి.

ఒక్కొక్కరికి ఒక సైనికుడు తోడుండేవాడు. కానీ తరగతి గదిలోకి, మరుగుదొడ్లోకి, వ్యాయామశాలలోకి అతను రాకూడదు. జరగాల్సినవన్నీ అక్కడే జరిగేవి. మెట్ల మీంచి తోసేవారు. నడవాలో మడమలు తొక్కేవారు. లాకర్లు పగలగొట్టి పుస్తకాలు పాడుచేసేవారు. మెల్బా కళ్లలో ఆసిడ్ కొట్టారు. తోడున్న సైనికుడు వెంటనే నీళ్లతో కడగడం వల్ల చూపు దక్కింది. నవంబరు చివరికల్లా 101వ డివిజన్ వెళ్లిపోయి, కాపలా మొత్తం గార్డ్ చేతికి వచ్చింది. వేధింపులు అప్పుడింకా పెరిగాయి.

అందరూ వేధించారా అంటే కాదు. అప్పుడు బడిలో దాదాపు 2,000 మంది పిల్లలున్నారు. రోజూ వెంటపడింది కొద్దిమందే. పలకరించిన పిల్లలూ ఉన్నారు, వాళ్లకూ బెదిరింపులు వచ్చాయి. మిగతా ఎక్కువమంది తలవంచుకుని పక్కకు తప్పుకున్నారు. తొమ్మిది మంది పెద్దయ్యాక చెప్పిన మాటల్లో కొట్టినవాళ్ల మీద కన్నా ఈ మౌనం మీదే ఎక్కువ బాధ వినిపిస్తుంది.

1958 మేలో ఎర్నెస్ట్ గ్రీన్ పట్టా అందుకున్నాడు. సెంట్రల్‌లో హైస్కూల్ పూర్తిచేసిన మొదటి నల్లజాతి విద్యార్థి అతనే. సుమారు 600 మంది సహవిద్యార్థుల పేర్లు పిలిచినప్పుడల్లా చప్పట్లు మోగాయి. అతని పేరు పిలిచినప్పుడు నిశ్శబ్దం. ఆ సభలో ఎర్నెస్ట్ కుటుంబంతో పాటు కూర్చున్న అతిథి మార్టిన్ లూథర్ కింగ్.

మినీజీన్ బ్రౌన్‌ను బడి నుంచి ఎందుకు పంపేశారు?

1957 డిసెంబరు 17న భోజనశాలలో కొందరు తెల్లపిల్లలు కుర్చీలు అడ్డం తోస్తూ ఆమెకు దారి ఇవ్వలేదు. ఆమె చేతిలోని పళ్లెం జారి అందులోని చిల్లీ, అంటే బీన్సు, మాంసం కలిపిన కూర, ఇద్దరు అబ్బాయిల మీద పడింది. ఒక క్షణం మౌనం, తర్వాత వంటశాలలో పనిచేసే నల్లజాతివాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమెను సస్పెండ్ చేశారు. ఫిబ్రవరిలో తనను కొట్టిన అమ్మాయిని తిరిగి ఒక మాట అన్నందుకు పూర్తిగా పంపేశారు. ‘ఒకరు పోయారు, ఇంకా ఎనిమిది మంది’ అని అచ్చేసిన చీటీలు బడిలో పంచారు. ఆమె న్యూయార్క్ వెళ్లి, 1954 నాటి బ్రౌన్ కేసుకు ఊతమిచ్చిన పరిశోధన చేసిన మనస్తత్వవేత్తలు కెనెత్, మేమీ క్లార్క్ దంపతుల ఇంట్లో ఉండి చదువు పూర్తి చేసింది. నెలల తరబడి ఓర్చుకున్న పదహారేళ్ల పిల్ల రెండుసార్లు తూలితే మనం ఆమెను తప్పుపట్టగలమా?

‘లాస్ట్ ఇయర్’ అంటే ఏమిటి?

తెలుగులో రాస్తే ‘గత సంవత్సరం’ అనిపిస్తుంది కానీ, దీని అర్థం చేజారిన ఏడాది. 1958-59లో లిటిల్ రాక్‌లోని నాలుగు పబ్లిక్ హైస్కూళ్లూ, అంటే సెంట్రల్, హాల్, టెక్, హొరేస్ మాన్, ఏడాది పొడవునా మూసే ఉన్నాయి. నన్నడిగితే ఈ బడి చరిత్రలో ఎక్కువమంది తెలుసుకోవాల్సిన భాగం ఇదే.

గొడవలు భరించలేక స్కూల్ బోర్డు రెండున్నరేళ్లు గడువు కావాలని కోర్టుకెళ్లింది. ఆ కేసే కూపర్ వర్సెస్ ఆరన్. గొడవ జరుగుతోందన్న సాకుతో పిల్లల హక్కులను వాయిదా వేయడం కుదరదని 1958 సెప్టెంబరు 12న సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ నెల 29న ఇచ్చిన పూర్తి తీర్పు మీద తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఎవరి పేరు వాళ్లు రాశారు. సుప్రీంకోర్టు చెప్పిన రాజ్యాంగ అర్థానికి రాష్ట్రాలు కట్టుబడాల్సిందేనన్న మాటకు ఈనాటికీ అక్కడ ఆ తీర్పే ఆధారం.

సెప్టెంబరు 12నే ఫాబస్, బడులు మూసే అధికారాన్ని తనకిచ్చే కొత్త చట్టం మీద సంతకం చేసి, మూసివేతకు ఆదేశాలిచ్చాడు. 27న ఊళ్లో ఓటింగ్ పెట్టారు. అన్ని బడుల్లోనూ ఒకేసారి పిల్లలను కలపడమా, వద్దా అన్నట్టుగా ప్రశ్న రాశారు, మధ్యేమార్గం లేదు. కలపడానికి వ్యతిరేకంగా 19,470 ఓట్లు, అనుకూలంగా 7,561 వచ్చాయి.

3,665 మంది పిల్లలకు బడి లేకుండా పోయింది. తెల్లపిల్లల్లో ఎక్కువమంది ఎలాగో దారి వెతుక్కున్నారు. కొత్తగా తెరిచిన ప్రైవేటు బడికి కొందరు, పక్క ఊళ్లలో చుట్టాల ఇళ్లకు కొందరు వెళ్లారు. నల్లజాతి పిల్లలకు ప్రైవేటు బడి లేదు, పక్క ఊళ్ల బడుల్లో చోటూ తక్కువే. వాళ్లలో సగానికి దగ్గరగా ఆ ఏడాది చదువే లేదు. కొందరు సైన్యంలో చేరారు, కొందరికి పెళ్లిళ్లయ్యాయి, కొందరు కూలికెళ్లారు. తిరిగి బడి ముఖం చూడనివాళ్లు ఎందరో. ఉపాధ్యాయులకు ఒప్పందాలున్నాయి కాబట్టి వాళ్లు రోజూ వచ్చి ఖాళీ గదుల్లో కూర్చున్నారు. ఫుట్‌బాల్ పోటీలు మాత్రం ఆ శరదృతువులో ఆగలేదు.

1959లో సెంట్రల్ నుంచి పట్టా తీసుకున్న తరగతి లేదు. ఆ ఏడాది పిల్లలు తర్వాతెప్పుడో, ముసలితనం దగ్గరపడ్డాక, తమ కథలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. తెల్లవాళ్లయినా నల్లవాళ్లయినా వాళ్లలో చాలామందికి అదొక మాననిగాయం.

మరి బడి మళ్లీ ఎలా తెరుచుకుంది?

మొదట కదిలింది ఆడవాళ్లు. అడాల్ఫిన్ ఫ్లెచర్ టెర్రీ అనే 75 ఏళ్ల పెద్దావిడ, వివియన్ బ్రూవర్, వెల్మా పవెల్ కలిసి 1958 సెప్టెంబరులో ‘బడులు తెరిపించే మహిళా అత్యవసర సమితి’ పెట్టారు. సభ్యుల జాబితాను రహస్యంగా ఉంచారు. భర్తల ఉద్యోగాలు పోతాయని, వ్యాపారాలు దెబ్బతింటాయని భయం. నలభై ఏళ్ల తర్వాత, 1998లో, టెర్రీ ఇంటి కిటికీ అద్దాల మీద ఆ పేర్లు చెక్కినప్పుడు గానీ బయటపడలేదు. ఈ సమితిలో నల్లజాతి మహిళలను చేర్చుకోలేదన్నది కూడా చెప్పాలి. తెల్లవాళ్ల ఓట్లు పోతాయన్న లెక్క అది. వాళ్ల తెగువను మెచ్చుకుంటూనే ఈ లోటునూ చూడగలగాలి.

మలుపు 1959 మే 5న వచ్చింది. బోర్డు సమావేశం నుంచి ముగ్గురు మితవాద సభ్యులు లేచి వెళ్లిపోయారు. మిగిలిన ముగ్గురు వేర్పాటువాదులు 44 మంది ఉపాధ్యాయులు, సిబ్బంది ఉద్యోగాలు తీసేస్తున్నామన్నారు. ఏడాదంతా నోరు మెదపని ఊరు ఒక్కసారిగా లేచింది. పిల్లల చదువు పోయినప్పుడు రాని కోపం తమకు పాఠం చెప్పిన మేష్టర్ల ఉద్యోగాలు పోతే వచ్చింది. వ్యాపారులు, తల్లిదండ్రులు, మహిళా సమితి ఇల్లిల్లూ తిరిగారు. మే 25న జరిగిన ఓటింగ్‌లో ఆ ముగ్గురు వేర్పాటువాదులను స్వల్ప ఆధిక్యంతో పదవుల నుంచి దింపేశారు. నల్లజాతి ఓటర్ల ఓట్లు లేకుంటే ఆ ఫలితం వచ్చేది కాదు. జూన్‌లో ఫెడరల్ కోర్టు బడులు మూసే చట్టాన్ని కొట్టేసింది. ఆగస్టు 12న సెంట్రల్ తలుపులు తెరుచుకున్నాయి. ఊరేగింపుగా వచ్చిన గుంపును ఈసారి ఊరి పోలీసులే నీళ్ల గొట్టాలతో చెదరగొట్టారు.

తొమ్మిది మందిలో జెఫర్సన్ థామస్, కార్లటా వాల్స్ తిరిగొచ్చి 1960లో అక్కడే చదువు పూర్తి చేశారు. ఆ ఫిబ్రవరిలో కార్లటా ఇంటి మీద బాంబు వేశారు. ఆమె మర్నాడు బడికి వెళ్లింది.

ఆ తర్వాత బడులన్నిట్లో పిల్లలు కలిసి చదివారా?

నత్తనడకన. ఊళ్లో అన్ని తరగతులూ కలిసేసరికి 1972 వచ్చింది.

ఫాబస్‌కు శిక్ష పడిందా?

పడలేదు. వరసగా ఆరుసార్లు గెలిచి 1967 దాకా గవర్నర్‌గా ఉన్నాడు.

తొమ్మిది మంది ఏమయ్యారు?

ఎర్నెస్ట్ గ్రీన్ అధ్యక్షుడు కార్టర్ హయాంలో కార్మిక శాఖ సహాయ కార్యదర్శి అయ్యారు. టెరెన్స్ రాబర్ట్స్ మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. మెల్బా పాత్రికేయురాలయ్యారు. గ్లోరియా రే ఐరోపాలో స్థిరపడ్డారు. మినీజీన్ క్లింటన్ ప్రభుత్వంలో పనిచేశారు. ఎలిజబెత్ కొంతకాలం సైన్యంలో ఉండి లిటిల్ రాక్‌కే తిరిగొచ్చారు. ఆ రోజుల గాయం నుంచి తేరుకోవడానికి తనకు దశాబ్దాలు పట్టిందని దాచకుండా చెప్పారు. జెఫర్సన్ థామస్ 2010లో, థెల్మా 2024లో కన్నుమూశారు. 1999లో తొమ్మిది మందికీ దేశ కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, బంగారు పతకం ఇచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, నలభయ్యో వార్షికోత్సవాన, అధ్యక్షుడు క్లింటన్ ముఖద్వారం తలుపు పట్టుకుని నిలబడి వాళ్లను లోపలికి పంపారు.

డెయిజీ బేట్స్ 1999లో చనిపోయారు. బడి పక్కన వీధికి ఇప్పుడు ఆమె పేరుంది. 2024లో వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ భవనంలో ఆర్కన్సా తరఫున ఆమె విగ్రహం పెట్టారు.

ఇప్పుడు అది మ్యూజియమా, బడేనా?

బడే. 2,000 మందికి పైగా పిల్లలు రోజూ గంట కొడితే తరగతులకు పరుగెత్తే బడి. 1998లో కాంగ్రెస్ దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. అలాంటి స్థలం సరిహద్దుల్లో ఇంకా నడుస్తున్న హైస్కూల్ దేశంలో ఇదొక్కటే. అక్కడి పిల్లలు ఇంట్లో, వీధిలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల జ్ఞాపకాలు రాసిపెట్టే పని ఏళ్లుగా చేస్తున్నారు. మన పిల్లల చేత కూడా చేయించాల్సిన పని అనిపిస్తుంది నాకు.

పేచీలు పూర్తిగా పోయాయని కాదు. 2023 ఆగస్టులో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల మీద ఉన్న ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) కోర్సును పట్టా లెక్కలోకి తీసుకోబోమని రాష్ట్ర విద్యాశాఖ చివరి నిమిషంలో చెప్పింది. అయినా సెంట్రల్ ఆ కోర్సు నడిపింది.

చూడాలంటే ఎలా వెళ్లాలి? పిల్లలతో వెళ్తే ఏం చూపించాలి?

బెంటన్‌విల్ వైపు నుంచి కారులో మూడు గంటలకు కొంచెం పైనే పడుతుంది. బడికి ఎదురుగా నేషనల్ పార్క్ సర్వీసు వాళ్ల సందర్శకుల కేంద్రం ఉంది, ప్రవేశం ఉచితం. బడి లోపలికి మాత్రం పార్కు రేంజరుతో, ముందే చెప్పి పెట్టుకుంటేనే వెళ్లనిస్తారు. పాఠాలు జరుగుతుంటాయి కదా, అది సబబే. వీధి మూలన పాత మాగ్నోలియా పెట్రోలు బంకును 1957లో ఉన్నట్టే ఉంచారు. అప్పట్లో విలేఖరులు పరుగున వచ్చి తమ పత్రికలకు వార్తలు చెప్పింది అక్కడి ఫోన్ నుంచే.

పిల్లలుంటే ముందు ముఖద్వారం దగ్గర నాలుగు విగ్రహాల పేర్లు చదివించండి. తర్వాత పార్క్ వీధి వెంట దక్షిణంగా 16వ వీధి దాకా నడవండి. రెండు వీధుల దూరమే. ఎలిజబెత్ ఆ పొద్దున నడిచింది ఆ దారినే. చివర్లో ఒక బల్ల కనిపిస్తుంది. ఆమె కూర్చున్న బస్టాపు బల్లకు గుర్తుగా సెంట్రల్ విద్యార్థులు చేతులారా తయారుచేసి 2018లో అక్కడ పెట్టారు. దాని మీద కూర్చోవచ్చు.